ఎండయు, రంగులేని బిడ్డయు

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములందు కాపురము చేయు సోదరీమణులకు ఎండను గూర్చి వేరుగ చెప్పవలసిన పనిలేదు. నల్లమల కొండలకు తూర్పున పరచుకొనిన యీ నేలలో వాన తక్కువ, నీడ తక్కువ, రాయి యెక్కువ. రోహిణి కార్తెలో పలకరాతి గనుల ప్రక్కగా నడచినచో, పైనుండి వచ్చు ఎండకంటె క్రింద గుట్టలుగా పోసిన రాతిపెళ్ళల సెగయే ముందుగా మొగమునకు తగులును. వడదెబ్బకు మనమందరము భయపడుదుము. మజ్జిగయు, ఉల్లిపాయయు, తలగుడ్డయు నెఱుగని యిల్లు లేదు. కాని ఎండ చేయు కీడు మఱియొకటి కలదు. అది ఒక్క మధ్యాహ్నములో మనిషిని పడవేయునది కాదు. ఏండ్ల తరబడి మెల్లగా లెక్క వ్రాసికొని, ఒకనాడు చెవిమీదనో పెదవిమీదనో మానని పుండై బయటపడును. మన పెద్దలు రాచపుండనిన కేన్సరు వ్యాధి అది.

ఎండవలన కేన్సరు వచ్చునని చెప్పినచో మన యిండ్లలో వెంటనే వచ్చు మాట, “అది తెల్లవాళ్ళ జబ్బు కదా, మనకెందుకు?” అని. ఆ మాటలో చాలవఱకు నిజము కలదు. 1894లో జర్మనీ దేశపు ఉన్నా అను వైద్యుడు, సముద్రముమీద ఎండలో బ్రదుకు నావికుల మొగముమీదను చేతులమీదను చర్మము ముదిరి బిరుసెక్కి, తుదకు కేన్సరగుచుండుట కనిపెట్టెను. రెండేండ్లకు ఫ్రాన్సులో దుబ్రెయి అను నతడు బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో కూలిచేయువారియందు ఇట్టి దానినే చూచెను. 1928లో లండనునందు ఫిండ్లే అను పండితుడు ఎండలోనున్న కంటికి కనబడని కిరణములను దీపమునుండి పుట్టించి, ఎలుకల చర్మముపై ప్రసరింపజేసి, కేన్సరును కల్పించి చూపెను. ఆ కిరణములనే అతినీలలోహిత కిరణములందురు. చల్లని యింగ్లండునుండి పోయి ఆస్ట్రేలియా యెండలో స్థిరపడిన తెల్లవారి సంతతికి చర్మపు కేన్సరు ఎంత యెక్కువయ్యెననగా, 1981లో ఆ దేశమువారు చొక్కా తొడుగుడు, లేపనము పూయుడు, టోపీ పెట్టుడని పాటగట్టి యింటింట వినిపింపవలసి వచ్చెను. సూర్యరశ్మి మనుష్యునకు కేన్సరు కలిగించునదియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగము 1992లో నిశ్చయించినది.

మఱి మన పొలములలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు మిరపకాయలు కోయు స్త్రీలకు, గనిలో రాయి కొట్టు కూలీలకు ఈ పుండ్లు అరుదుగానే వచ్చుచున్నవేల? మన చర్మపు రంగే మనకు గొడుగు. ఇది కవిత్వము కాదు. సూక్ష్మదర్శినితో చూచినచో, చర్మములోని ప్రతి కణమునందును దాని ప్రాణస్థానమైన కేంద్రకముపై, సూర్యుడుండు వైపున, మెలనిన్ అను నల్లని పొడి టోపీవలె కప్పుకొని యుండును. ఆ పొడిని తయారుచేయు కణములు తెల్లవారికిని మనకును ఇంచుమించు సమానముగానే యున్నవి. మనవి యెక్కువగా పనిచేయును, అంతే. గొడుగు లేనిచోట ఆ కిరణములు కేంద్రకములోని డి.ఎన్.ఏ. అను వ్రాతపై పడి, ప్రక్కప్రక్కనున్న రెండక్షరములను ఒకదానికొకటి అతికించివేయును. తడిచేతితో ముట్టుకొనిన పలకమీద రెండక్షరములు కలిసిపోయినట్లు అనుకొనుడు. కణమునందే దిద్దుబాటుచేయు పనివారు కలరు. వారు ఆ చెడిన ముక్కను కత్తిరించి క్రొత్తది వేయుదురు. ఈ దిద్దుబాటు సాగు విధమును వివరించినందుకు సంజార్ అను తుర్కీ శాస్త్రజ్ఞునకు, మఱి యిద్దఱితో కలిపి, 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. కాని రోజూ చెడుచున్నచో రోజూ దిద్దుట సాగదు. కణము హద్దుమీఱి పెరుగకుండ కావలికాయు వ్రాతయే చెడినప్పుడు, ఆ కణము అదుపు తప్పి పెరుగ నారంభించును.

తెలుపుకొఱకు అంగడిలో దొరకు లేపనములను మొగమున రుద్దుకొను మన పడుచులకు ఈ గొడుగు సంగతి యెవరైన చెప్పినచో బాగుండును. అది వేరు కథ, ఇక్కడికి విడచెదను.

నేను చెప్పదలచినది పుట్టుకతోనే ఆ గొడుగు లేని బిడ్డలను గూర్చి. నల్లని తల్లికిని నల్లని తండ్రికిని ఒక్కొక్కప్పుడు పాలవంటి చర్మముతో, మొక్కజొన్నపీచు వంటి వెండ్రుకలతో, వెలుతురు చూచి కనులు మూసికొను బిడ్డ పుట్టును. దీనిని వైద్యులు అల్బినిజము అందురు. బొల్లి వేరు, ఇది వేరు. బొల్లి నడుమ వచ్చి మచ్చలుగా వ్యాపించును; దానివలన కేన్సరు భయము హెచ్చుగా లేదు. కుష్ఠుతో దీనికి బొత్తిగా సంబంధము లేదు. ఒకరినుండి యొకరికి అంటుకొనునది కాదు. ఆ బిడ్డకు మెలనిన్ తయారుచేయు కణములు ఉన్నను, వానికి పని చేతగాదు. అందుచేత మన యెండ ఆ బిడ్డపట్ల, ఆస్ట్రేలియాలోని తెల్లవానిపట్ల కంటె క్రూరముగా ప్రవర్తించును. నైజీరియా, టాంజానియా వంటి వేడిదేశములలో ఇట్టివారు పడుచుప్రాయముననే చర్మపు కేన్సరు పాలగుచుండుటను అక్కడి వైద్యులు ఎన్నడో వ్రాసిపెట్టిరి.

మా ఆడుబిడ్డ రెండవ కూతురు ఇట్లు పుట్టినది. వారిది మార్కాపురమునకు కొన్ని మైళ్ళ దూరమున నొక పల్లె. ఆడుబిడ్డను ఆమె మేనమామ కొడుకునకే యిచ్చిరి. పిల్ల పుట్టగానే, కడుపుతో నున్నప్పుడు గ్రహణము చూచినదని కొందఱు, కుంకుమపువ్వు మితిమీఱి తిన్నదని కొందఱు తల్లిని నిందించిరి. కుంకుమపువ్వు కొనగల సంసారమేనా యని యెవరును ఆలోచింపలేదు. వీథిలోని పిల్లలు “దొరసాని, దొరసాని” యని వెంటబడిరి. బడిలో నల్లబల్లమీది యక్షరములు దానికి కనబడలేదు. ఈ బిడ్డల కనుగ్రుడ్లు నిలువక కదలుచుండును, చూపు తక్కువగా నుండును. అది చర్మముతో కలిసియే వచ్చు లోపము. పలకను ముక్కునకు ఆనించుకొని వ్రాసినంతకాలము తెలివిగలదిగానే యుండెను. దేశమంతటికి పలకలు పంపిన మార్కాపురపు ప్రక్కపల్లెలో, పలక విడిచి నల్లబల్లను చూచి చదువవలసి వచ్చిననాడు దాని చదువు ఆగిపోయినది. ముందు బల్లమీద కూర్చుండబెట్టిన చాలునని చెప్పినవారు లేకపోయిరి. ఏడవ తరగతితో చదువు మాని తల్లివెంట ప్రత్తితీతకును, మిరపకోతకును పోవ నారంభించినది.

వేసవిలో మొగము కందిపోయి బొబ్బలెక్కుట, తోలు పొరలుగా ఊడుట, మరల క్రొత్త తోలు వచ్చుట యేటేట జరుగుచుండెను. దానిని అందఱును వేడిచేసినదనుకొనిరి. ఇరువదిరెండవ యేట కుడిచెవి పైయంచున కందిగింజంత పొక్కు లేచినది. పసుపు పెట్టిరి, వేపాకు నూరి పెట్టిరి. పల్లెలోని వైద్యుడు ఏదో మలాము ఇచ్చెను. పొక్కు ఎండును, పెచ్చు ఊడును, కొంచెము నెత్తురు వచ్చును, మరల పెచ్చు కట్టును. ఇట్లు ఎనిమిది నెలలు. చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు మా యింటికి వచ్చినప్పుడు తల దువ్వుచు నేను దానిని చూచితిని. అప్పటికి అది చింతగింజంత యైనది, అంచులు గట్టిపడినవి. నొప్పి లేదని పిల్ల చెప్పినది. నొప్పి లేకపోవుటయే ఎనిమిది నెలలు పోనిచ్చినది.

మార్కాపురం రోడ్డు స్టేషనులో బండి యెక్కి గుంటూరు పెద్దాసుపత్రికి తీసికొనిపోతిమి. చిన్నముక్క తీసి పరీక్షించి, అది చర్మము పైపొరలలో పుట్టు కేన్సరని తేల్చిరి. మెడయంతయు తడిమి, బిళ్ళలు కట్టలేదని చూచి, చెవి పైభాగమును కొంత తీసివేసిరి. చెవికి మాత్రమే మత్తుమందు పొడిచి చేసిన శస్త్రము అది. పిల్లకు మాటలు వినబడుచునే యున్నవట. “పనిలో పని, రెండో చెవిగూడా సరిచేసి సమానం చేయమందునా అనుకొన్నానత్తా,” అని అది నవ్వినప్పుడు తల్లి బయటికి పోయి యేడ్చినది.

అక్కడి వైద్యురాలు చెప్పిన మాటలలో నాకు మిక్కిలి పనికివచ్చినది నీడ లెక్క. మనము ఎండను వేడినిబట్టి కొలుచుదుము. అది తప్పుకొలత. వేడి కలిగించు కిరణములు వేరు, చర్మమును చెఱచు కిరణములు వేరు. ఈ రెండవవి ఒంటికి తెలియవు. మాఘమాసమున చల్లగాలి వీచుచున్న మిట్టమధ్యాహ్నము కూడ అవి పడుచునే యుండును, పలుచని మబ్బునుండి చాలవఱకు దిగివచ్చును. కావున నీ నీడను చూచుకొమ్మని ఆమె పిల్లకు చెప్పినది. నీ నీడ నీకంటె పొట్టిగా నున్నంతసేపు బయటికి రావద్దు. పొడుగైన తరువాత రమ్ము. గడియారము అక్కరలేదు, చదువు అక్కరలేదు. మన ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి నీడ కాళ్ళక్రింద మాయమగు దినములు ఏడాదికి రెండు మారులు, మే మొదటి వారమునను ఆగస్టు రెండవ వారమునను వచ్చును. ఆగస్టులో వానకారు వచ్చినదని మనము ఎండను మఱచిపోవుదుము. అప్పటి యెండయు మే నెల యెండకు తీసిపోదు.

బట్ట విషయములోను మన యలవాటు సరికాదు. ఎండకు పలుచని తెల్లనిబట్ట మంచిదందుము. అది వేడికి మంచిదే. ఈ కిరణములు మాత్రము పలుచని నేతలోనుండి, తడిసిన తెల్లగుడ్డలోనుండి సులువుగా దిగును. దగ్గరగా నేసిన ముదురురంగు బట్ట వానిని బాగుగా ఆపును. వెలుతురునకు పట్టి చూచినచో ఆవలివైపు కనబడని బట్ట పనికివచ్చునని గుర్తు. చేతులు నిండిన రవికె, మెడ వెనుకకు దిగు తలగుడ్డ, అంచు వెడల్పైన టోపీ, నల్లగొడుగు, కనులకు రంగుటద్దములు — ఇవియే ముఖ్యములు. లేపనములును మంచివే. కాని దళసరిగా పూసి, రెండు గంటల కొకసారి మరల పూయవలెను. కూలిచేయు సంసారమున నెలనెల కొనుట కష్టము. బట్టకు ఒక్కమారే ఖర్చు. ఎండ తగులని యొడలికి డి విటమిను లోపము రాకుండ మాత్రలు వైద్యుడు వ్రాసియిచ్చును.

వీటన్నిటికంటె మిన్న, నెలకొకమారు ఒళ్ళంతయు చూచుట. తల్లియో, అక్కయో, తోడికోడలో వెలుతురులో కూర్చుండబెట్టి మొగము, చెవుల వెనుక, మెడ, పెదవి, ముంజేతులు, కాళ్ళు వెదకవలెను. నెల దాటియు మానని పుండు, మాటిమాటికి పెచ్చుకట్టి నెత్తురు కారునది, ముట్టుకొనిన ఇసుకకాగితమువలె గరుకుగా తగులు మచ్చ, చిన్నకొమ్మువలె లేచిన గట్టితోలు — వీనిలో నేదైన కనబడినప్పుడు ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. చిన్నదిగా నున్నప్పుడు పావుగంట పని. మెడలో బిళ్ళలు కట్టిన తరువాత అది పెద్దయుద్ధము. రంగుగల మనకును ఒక మాట కలదు. మనవారికి వచ్చు మఱియొక చర్మపు కేన్సరు ఎండతో పనిలేకయే అరికాలి క్రిందను, గోటిక్రిందను నల్లమచ్చగా మొదలగును. కాలిన గాయపు మచ్చమీద ఏండ్లకొలది మానక నిలిచిన పుండును అటువంటి అపాయమునకే దారితీయవచ్చును. కనుక పరీక్షించు తల్లి తన యరికాలిని కూడ చూచుకొనవలెను.

చెవి మానిన రెండేండ్లకు ముంజేతిమీద మఱియొక మచ్చ వచ్చినది. ఈసారి పిల్లయే దానిని వేలితో తడిమి కనిపెట్టి, పదునైదు దినములలో గుంటూరు పోయి తీయించుకొని వచ్చినది. వ్రణము కుట్టు రెండు కుట్లతో ముగిసినది. పొలమునకు పోవుట ఎప్పుడో మానినది. చూపు తక్కువగుటనుబట్టి సదరం శిబిరములో పరీక్షింపబడి ధృవపత్రము పొందినది. ఇంటి వసారాలో ఉప్పు, సబ్బు, బెల్లము అమ్ము చిన్నకొట్టు పెట్టుకొనినది.

ఇక పెండ్లి సంగతి. పిల్లది కాదు, దాని యక్కది. అక్క చక్కగా చామనచాయగా నున్నది. ఆమెను మా కుమారునకు చేసికొనవలెనని మా యత్తగారి కోరిక. మేనరికము మనకు క్రొత్తకాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో కూడ ఆంధ్రప్రదేశమున సుమారు నాలుగింట నొక పెండ్లి రక్తసంబంధీకుల మధ్యనే జరుగుచున్నది. ఆస్తి చెదరదు, ఆడపిల్ల పరాయియింట కన్నీరు పెట్టదు. ఆ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదని నేను నమ్ముదును. అయితే ఈ రంగులేమి తల్లియందొకపాలు, తండ్రియందొకపాలు దాగియుండి, రెండును కలిసినప్పుడే బయటపడును. ఒక్కపాలు మాత్రము గలవారికి ఏ లోపమును కనబడదు. ఒక్క తాతకు చెందిన రెండు కొమ్మలను మరల ముడివేసినప్పుడు అవి కలియుటకు అవకాశము హెచ్చు. ఎండకు పిల్లలయందే మచ్చలును పుండ్లును కలిగించు మఱియొక వ్యాధి కలదు. ఇందాక చెప్పిన అక్షరములు దిద్దు పనివారే పుట్టుకతో లేని వ్యాధి. అదియు ఇట్లే వచ్చును.

వైద్యురాలు కాగితముమీద లెక్కవేసి చూపినది. అక్కయందు ఆ దాగినపాలు ఉండుటకు మూడింట రెండువంతులు, మా అబ్బాయియందు నాలుగింట నొకవంతు, ఇద్దఱికిని ఉన్నచో ప్రతి కాన్పునను నాలుగింట నొకవంతు. అన్నియు హెచ్చవేయగా ఇరువదినాలుగింట నొకటి తేలినది. మా యత్తగారు లెక్కలలో తక్కువవారు కారు. “ఇరవైనాలుగులో ఇరవైమూడు మంచివేగా! ఆ ఒక్కదాని కోసం చుట్టరికం పోగొట్టుకుంటామా?” అనిరి. జవాబు నేను చెప్పుటకు ముందే మా యాడుబిడ్డ లేచి, “ఆ ఒక్కటి నా కడుపున పుట్టిందమ్మా,” అనినది. తరువాత ఆ యింట ఎవరును మాటాడలేదు. అక్కకు కనిగిరివైపు సంబంధము కుదిరినది. మా యత్తగారు ఆ పెండ్లికి రాలేదు. ఒకటిన్నర సంవత్సరము కూతురితో మాటలు లేవు. మునిమనుమడు పుట్టినప్పుడు బాలింతకాయము చేయించి నాచేతనే పంపిరి.

ప్రతి సంవత్సరమును జూను 13వ తేదీని, ఇట్టి బిడ్డలను లోకము తలచుకొనవలెనని, ఐక్యరాజ్యసమితి 2015 నుండి ఒక దినము నేర్పరచినది. మనకది మృగశిర కార్తె. క్రిందటేడు ఆ దినములలోనే, దినము తెలిసికాదు, గిద్దలూరు వైపునుండి ఒక చిన్నవయసు తల్లి మా పిల్ల కొట్టును వెదకికొనుచు వచ్చినది. చంకలో ఏడునెలల బిడ్డ, తెల్లగా, కనులు చికిలించుచు. పిల్ల కొట్టు తలుపు సగము మూసి, ఆ తల్లిని లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, “నూనె రాసి ఎండలో పండబెడతాండారా?” అని.

“రోజూ పండబెడతాన్నాంలే. ఎండ తగిలితే మెల్లింగా రంగొస్తాదని మా యత్త చెప్పింది,” అని ఆ తల్లి యనినది.

పిల్ల తలగుడ్డ తీసి, వెండ్రుకలు ప్రక్కకు తప్పించి, చెవిని ఆమె వైపునకు త్రిప్పినది.